ఆర్కెస్ట్రాలో, జాజ్ బృందంలో ఎవరి పని ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

పాశ్చాత్య సంగీతం కొత్తగా వింటున్నవాళ్ళూ, వేదిక మీద అంతమంది కలిసి ఏం చేస్తున్నారో అంతుపట్టనివాళ్ళూ తరచుగా అడిగే ప్రశ్నలివి. వరసగానే చదవాలని లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

ఒకే వాద్యం రెండు చోట్లా కనిపిస్తుంది కదా, పని కూడా ఒకటేనా?

చాలాసార్లు కాదు. డబుల్ బాస్ సంగతి చూడండి. పెద్ద ఆర్కెస్ట్రాలో ఎనిమిది మంది దాకా ఒక పక్కన వరసగా ఉండి, ఎక్కువసేపు కమానుతో లాగుతూ మొత్తం నాదానికి అడుగున బలం ఇస్తారు. జాజ్‌లో ఉండేది ఒక్కరే. కమాను ఎప్పుడో తప్ప ముట్టుకోరు, వేళ్ళతో తీగలు మీటుతూ బృందమంతటికీ నడక చూపిస్తారు. అదే పెట్టె, అవే నాలుగు తీగలు, ఉద్యోగం మాత్రం వేరు.

డ్రమ్స్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. జాజ్‌లో డ్రమ్మర్ లేకపోతే వెలితి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఆర్కెస్ట్రాలో తాళవాద్యాల వాళ్ళు అరగంట చేతులు కట్టుకుని కూర్చున్నా ఎవరికీ లోటు అనిపించదు. అందుకే వాద్యం పేరు ఒక్కటీ విని దాని పని చెప్పలేం. ఆ బృందంలో లయ ఎవరి చేతిలో ఉంది, పాట ఎవరి నోట ఉంది, మధ్యలో ఖాళీ ఎవరు పూరిస్తున్నారు అన్నది చూడాలి. కింద జవాబులన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

కచేరీ మొదలుకాక ముందు ఓబో ఒక్కటే ఊదుతుంది, మిగతావాళ్ళంతా దాన్ని పట్టుకుంటారు. ఓబోయే ఎందుకు?

ఓబో నాదం సన్నగా, సూటిగా ఉంటుంది. ఎంత గోలలోనైనా చీల్చుకుని వినబడుతుంది. పైగా రెండు పలచని రెల్లు పలకల మధ్య గాలి ఊది వాయించే ఈ వాద్యంలో శ్రుతిని అప్పటికప్పుడు పెద్దగా మార్చుకోవడం కష్టం. మిగతావాళ్ళు మార్చుకోగలరు కాబట్టి మారలేనివాళ్ళను అనుసరిస్తారు. అదే తర్కంతో, వేదిక మీద పియానో ఉన్న రోజు ఓబో కూడా పియానో శ్రుతికి లొంగాల్సిందే.

ఆ స్వరం ‘ఎ’. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సెకనుకు 440 కంపనాలు. యూరప్‌లో చాలా ఆర్కెస్ట్రాలు 442, 443 దగ్గర పెట్టుకుంటాయి. అంత చిన్న తేడా మనకు విడిగా తెలియదు గానీ, నాదం కాస్త మెరిసినట్టు ఉంటుందని వాళ్ళ నమ్మకం.

ఒక్క ట్రంపెట్ హాలంతా వినబడుతుంటే ముప్ఫై వయొలిన్లు దేనికి?

చప్పుడు పెంచడానికే అని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అది అంత లాభసాటి బేరం కాదు. ఒక వయొలిన్ స్థానంలో పదహారు పెడితే పెరిగేది సుమారు 12 డెసిబెల్స్ (చప్పుడు కొలిచే ప్రమాణం). పది డెసిబెల్స్ పెరిగితే మన చెవికి రెట్టింపు అనిపిస్తుంది. అంటే పదహారు మందిని కూర్చోబెట్టినా, వినబడేది రెట్టింపు కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

అసలు లాభం నాదం తీరులో ఉంది. పదహారు మంది ఒకే స్వరం వాయించినా శ్రుతిలో, కమాను వేగంలో, వేళ్ళ కంపనంలో వెంట్రుకవాసి తేడాలుంటాయి. ఆ తేడాలన్నీ కలిసిపోయి ఏ ఒక్కరిదీ కాని మెత్తటి నాదం పుడుతుంది. పది వయొలిన్ల ధ్వనిని ఒక్క వయొలిన్‌తో ఎంత గట్టిగా లాగినా తేలేం. పెద్ద ఆర్కెస్ట్రాలో మొదటి వయొలిన్లు 16, రెండో వయొలిన్లు 14, వయోలాలు 12, చెల్లోలు 10, డబుల్ బాస్‌లు 8 ఉండడం రివాజు. తీగవాద్యాలే అరవై మంది. గాలివాద్యాల వాళ్ళకు అలా గుంపు అక్కర్లేదు. రెండో ఫ్లూట్‌కి రాసిన స్వరాలు రెండో ఫ్లూట్ ఒక్కరే వాయిస్తారు, తప్పు పోతే దాక్కోవడానికి పక్కవాళ్ళు ఉండరు.

రెండో వయొలిన్లంటే రెండో తరగతి వాళ్ళా?

కాదు. మొదటివాళ్ళకు ఎక్కువగా పాట దొరుకుతుంది, రెండోవాళ్ళకు దాని కింద నడిచే స్వరాలు, గబగబా సాగే లయ దొరుకుతాయి. ఆ పని కొన్నిసార్లు పాటకన్నా కష్టం. పాట తప్పితే ఎవరైనా గుర్తుపడతారు. లోపలి స్వరం తప్పితే ఎక్కడ చెడిందో చెప్పలేరు గానీ ఏదో తేడాగా ఉందని అందరికీ తెలుస్తుంది.

మొదటి వయొలిన్లలో అందరికన్నా ముందు, ముందు నిలబడి కర్రతో బృందాన్ని నడిపించే కండక్టర్ ఎడమ చేతి పక్కన కూర్చునేవారు కాన్సర్ట్‌మాస్టర్. ఎక్కడ కమాను పైకి వెళ్ళాలి, ఎక్కడ కిందికి రావాలి అన్నది నిర్ణయించేది వాళ్ళే. పదహారు కమాన్లూ ఒకేసారి ఒకే దిక్కుకు కదలడం మీరు గమనించే ఉంటారు. అది చూపు కోసం పెట్టుకున్న నియమం అనుకుంటే పొరపాటు. కమాను పట్టుకునే చివర దగ్గర ఒత్తిడి ఎక్కువ, కొన దగ్గర తక్కువ. దిక్కు మారితే స్వరం బరువు మారిపోతుంది.

వయోలా ఎంత చెవి రిక్కించినా వినబడదు. తీసేస్తే ఏమవుతుంది?

వయోలా వాయించేవాళ్ళ మీద సంగీతకారుల్లో ఉన్నన్ని జోకులు ఇంకెవరి మీదా లేవు, పాపం. వయొలిన్ కన్నా అయిదు స్వరాలు కిందుగా శ్రుతి చేసే వాద్యం ఇది. ఆ కింది శ్రుతికి తగ్గట్టు పెట్టె ఇంకా పెద్దదిగా ఉండాలి, కానీ అప్పుడు భుజం మీద పట్టడం కుదరదు. ఆ రాజీ వల్లే దాని గొంతు కొంచెం మసకగా, ముక్కుతో పలికినట్టు ఉంటుంది. తీసేస్తే పైన వయొలిన్లకీ కింద చెల్లోలకీ మధ్య పెద్ద గొయ్యి పడుతుంది. విడిగా వినబడకుండా ఆ గొయ్యి పూడ్చడమే వాళ్ళ పనిలో ఎక్కువ భాగం.

ఫ్లూట్‌ని లోహంతో చేస్తారు. మరి చెక్క గాలివాద్యాల్లో ఎందుకు కలిపారు? సాక్సఫోన్ ఇత్తడిదే కదా?

దేనితో చేశారన్నది ముఖ్యం కాదు, శబ్దం ఎలా పుడుతుందన్నదే లెక్క. అంచుకు గాలి తగిలి పుట్టినా, రెల్లు పలక అదిరి పుట్టినా వుడ్‌విండ్. వాయించేవారి పెదవులే అదిరితే బ్రాస్, అంటే ఇత్తడి గాలివాద్యం. సాక్సఫోన్ ఒళ్ళంతా ఇత్తడే అయినా నోటి దగ్గర ఉండేది రెల్లు పలక.

ఆర్కెస్ట్రాలో ఈ వుడ్‌విండ్ వాళ్ళ పని రంగులు మార్చడం. తీగవాద్యాలు చెప్పిన పాటనే ఓబో చెబితే దిగులు వస్తుంది, ఫ్లూట్ చెబితే తేలికవుతుంది. బసూన్ మామూలుగా అడుగున తన పని తాను చేసుకుపోతుంది. ఒక్కోసారి హాస్యానికీ వాడుకుంటారు. స్ట్రావిన్‌స్కీ 1913లో పారిస్‌లో వినిపించిన ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ ఆ బసూన్ ఒంటరి గొంతుతోనే మొదలవుతుంది, అదీ దానికి అలవాటులేని పైస్థాయిలో. గొంతు బిగబట్టి పాడుతున్నట్టుండే ఆ స్వరాలు మొదటిసారి విన్నవాళ్ళు అది ఏ వాద్యమో సులభంగా పోల్చుకోలేరు.

క్లారినెట్‌ది ఇంకో గుణం. దాదాపు వినబడనంత మెల్లగా స్వరం మొదలుపెట్టి, అలాగే పెంచుకుంటూ పోగలదు. 1924లో గెర్ష్విన్ ‘రాప్సడీ ఇన్ బ్లూ’ మొదట్లో కింది నుంచి పైకి జారుతూ వెళ్ళే కూత గుర్తుందా? కాగితం మీద రాసింది మెట్లు మెట్లుగా ఎక్కే స్వరాల వరస. సాధనలో క్లారినెట్ వాయించే రాస్ గోర్మన్ దాన్ని సరదాగా జారుస్తూ వాయిస్తే గెర్ష్విన్‌కి నచ్చి అలాగే ఉంచమన్నాడు. ఆర్కెస్ట్రా క్రమశిక్షణలో జాజ్ అల్లరి ఎలా దూరిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

ఫ్రెంచ్ హార్న్ వాళ్ళు చేతిని వాద్యం వెడల్పాటి మూతిలోకి ఎందుకు దూరుస్తారు?

శ్రుతి సరిచేయడానికి, నాదాన్ని మెత్తబరచడానికి. హార్న్ గొట్టం సాగదీస్తే సుమారు 3.7 మీటర్లు ఉంటుంది. అంత పొడవు గొట్టంలో పైస్థాయి స్వరాలు ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉంటాయి. పెదవుల బిగువు రవ్వంత తప్పినా పక్క స్వరం పలికేస్తుంది. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల్లో కూడా హార్న్ స్వరం పగలడం వింటాం. దాన్ని బట్టి వాళ్ళని తక్కువ చేయకండి, ఆ పనే అలాంటిది.

హార్న్ అటు బ్రాస్‌తోనూ ఇటు వుడ్‌విండ్‌తోనూ కలిసిపోతుంది. ఈ రెండు వర్గాల మధ్య అతుకు కనబడకుండా చేసేది అదే. మామూలుగా నలుగురుంటారు, ఒకటి, మూడు పైస్వరాలకు, రెండు, నాలుగు కిందిస్వరాలకు.

ట్రాంబోన్ వాళ్ళు గంటసేపు ఖాళీగా కూర్చుంటే జీతం ఎందుకు?

బీథోవెన్ అయిదో సింఫనీలో (1808) ట్రాంబోన్లు (గొట్టం జరుపుతూ వాయించే బ్రాస్ వాద్యాలు) మొదటి మూడు భాగాల్లో ఒక్క స్వరం కూడా వాయించవు. నాలుగో భాగం మొదలవగానే పికోలో (చిన్న ఫ్లూట్), కాంట్రాబసూన్ (పెద్ద బసూన్)‌లతో కలిసి ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆ వెలుగు రావాలంటే అంతవరకూ ఆగాల్సిందే. డ్వోర్జాక్ తొమ్మిదో సింఫనీలో ట్యూబా రెండో భాగంలో కొద్ది స్వరాలు మాత్రమే వాయిస్తుంది. అదే సింఫనీలో సింబల్ (పళ్ళెం లాంటి తాళం) దెబ్బ మొత్తానికి ఒక్కటే, అదీ మెత్తగా.

ఖాళీగా కూర్చోవడమంటే హాయిగా కూర్చోవడం అనుకోకండి. బార్లు (తాళంలో ఒక్కో ఆవర్తం లాంటి కొలతలు) లెక్కపెడుతూనే ఉండాలి. పెదవులు చల్లబడతాయి, వాద్యం చల్లబడి శ్రుతి దిగిపోతుంది. తీరా వంతు వచ్చాక మొదటి స్వరమే సరిగ్గా పడాలి, సర్దుకోవడానికి రెండో అవకాశం ఉండదు.

టింపనీ, డ్రమ్స్, మిగతా తాళవాద్యాల పని లయ నిలబెట్టడమేనా?

ఆర్కెస్ట్రాలో అది చిన్న భాగం. టింపనీకి, అంటే గంగాళాల్లాంటి పెద్ద డ్రమ్ములకి, శ్రుతి ఉంటుంది, కాలి పెడల్‌తో వాయించే మధ్యలోనే మార్చుకుంటారు. ఒక ఘట్టం ముగిసిందని గట్టిగా చెప్పడం, ఉరుము పుట్టించడం, కింద సన్నగా మోగుతూ ఉత్కంఠ పెంచడం వాళ్ళ పనులు.

దీనికి ఎదురుగా నిలబడే ఉదాహరణ రావెల్ 1928లో రాసిన ‘బొలేరో’. స్నేర్ డ్రమ్ వాయించేవారు రెండు బార్ల లయని మొదటి నుంచి చివరిదాకా, పావుగంటకి దగ్గరగా, ఆపకుండా వాయించాలి. మొదట్లో ఉందో లేదో అన్నంత మెల్లగా, చివరికి హాలు అదిరేలా. వేగం మాత్రం మారకూడదు. మెల్లగా వాయించడమే అన్నిటికన్నా కష్టమని ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరైనా చెబుతారు.

కండక్టర్ లేకుండా వాయించలేరా?

వాయించగలరు. మాస్కోలో 1922 నుంచి 1932 దాకా పెర్సిమ్‌ఫాన్స్ అనే ఆర్కెస్ట్రా అలాగే నడిచింది. న్యూయార్క్‌లో 1972లో మొదలైన ఆర్ఫియస్ చాంబర్ ఆర్కెస్ట్రాది కూడా అదే పద్ధతి. సాధనకి సమయం మాత్రం బాగా ఎక్కువ పడుతుంది.

కండక్టర్ అవసరం వెనుక భౌతికశాస్త్రం కూడా ఉంది. వేదిక వెనక ఉన్న డ్రమ్ నుంచి ముందున్న వయొలిన్‌కి 15 మీటర్ల దూరం ఉంటే, శబ్దం చేరడానికి సెకనులో సుమారు ఇరవై మూడో వంతు పడుతుంది. వెనకవాళ్ళు ముందువాళ్ళను విని వాయిస్తే ప్రేక్షకులకు ఆలస్యంగానే చేరుతుంది. అందుకే వాళ్ళు చెవిని కాస్త పక్కనపెట్టి కంటితో కర్రను చూస్తూ వాయిస్తారు.

జాజ్‌లో ‘రిథమ్ సెక్షన్’ అంటే ఎవరు? ఒక్కొక్కరూ ఏం చేస్తారు?

బాస్, డ్రమ్స్, పియానో. కొన్నిచోట్ల పియానోకి తోడుగా, లేదా బదులుగా గిటార్. కర్ర పట్టుకున్న కండక్టర్ ముందు నిలబడనక్కర్లేని చిన్న బృందంలో లయ బాధ్యత వీళ్ళదే.

బాస్ వాయించేవారు బార్‌కి నాలుగు స్వరాలు, అడుగులు వేస్తున్నట్టు, ఆగకుండా మీటుతారు. ఆ స్వరాలు ఇష్టం వచ్చినట్టు వేసేవి కావు. ఇప్పుడు ఏ కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) నడుస్తోంది, తరవాత ఏది రాబోతోంది అన్నది వాటిలోంచే వినబడుతుంది. సోలో, అంటే ఒంటరి వంతు, వాయిస్తున్నవాళ్ళు దారి తప్పితే మళ్ళీ పట్టుకునేది బాస్ చెయ్యే.

డ్రమ్మర్ కుడిచేతి కింద ఉండే పెద్ద పళ్ళెం లాంటిది రైడ్ సింబల్. దాని మీద ‘డింగ్, డింగ్-ద-డింగ్’ అని సాగుతూ ఉంటుంది. ఎడమకాలు రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ హై-హ్యాట్‌ని, అంటే పెడల్‌తో కలిసే రెండు పళ్ళేల జతని, మూస్తుంది. మొదట్నుంచీ ఇలా లేదు. పాత డ్రమ్మర్లు పాదంతో పెద్ద బాస్ డ్రమ్‌ని ప్రతి దెబ్బకీ కొట్టి లయ నిలిపేవారు. పియానిస్టు కౌంట్ బేసీ నడిపిన బ్యాండ్‌లో డ్రమ్మర్ జో జోన్స్ ఆ భారం హై-హ్యాట్ మీదికి తెచ్చాడు. 1940ల మొదట్లో కెన్నీ క్లార్క్ రైడ్ సింబల్ మీదికి మార్చాడు. దాంతో ఎడమచేయి, కుడికాలు ఖాళీ అయ్యాయి. ఎదుటివాళ్ళు అన్నదానికి జవాబిస్తూ మధ్యమధ్య దెబ్బలు వేయడం అక్కణ్ణుంచే మొదలైంది. నన్నడిగితే, ఆధునిక జాజ్ పుట్టుకలో సాక్సఫోన్ వాళ్ళకి ఇచ్చేంత పేరు ఆ కుడిచేతికీ ఇవ్వాలి.

మరి పియానో?

కార్డ్‌లు ఇస్తుంది, కానీ ప్రతి దెబ్బకీ ఇవ్వదు. సోలో వాయించేవారు ఊపిరి తీసుకున్నచోట ఒకటి, ఊహించనిచోట ఒకటి. దీన్ని కాంపింగ్ అంటారు. మంచి కాంపింగ్‌లో సగం ఊరుకోవడమే. పియానో అదేపనిగా మాట్లాడుతుంటే ముందున్నవాళ్ళకు చోటు దొరకదు.

ఆ చోటు కోసమే కొందరు పియానోని పూర్తిగా తీసేశారు. 1952లో జెర్రీ మల్లిగన్ బారిటోన్ సాక్సఫోన్, చెట్ బేకర్ ట్రంపెట్, బాస్, డ్రమ్స్, అంతే. రెండు గాలివాద్యాలు ఒకదాని చుట్టూ ఒకటి అల్లుకుంటూ కార్డ్ లేని లోటు తీర్చాయి.

కౌంట్ బేసీ బ్యాండ్ రికార్డుల్లో గిటార్ వినబడదు కదా, అతనేం చేసేవాడు?

ఫ్రెడ్డీ గ్రీన్. 1937లో చేరి 1987లో చనిపోయేదాకా ఆ బ్యాండ్‌తోనే ఉన్నాడు. యాంప్లిఫయర్ లేని గిటార్, బార్‌కి నాలుగు దెబ్బలు, సోలోలు దాదాపు లేవు. కార్డ్ మొత్తం మోగించేవాడు కూడా కాదు, చాలాసార్లు ఒకటి రెండు తీగలే స్పష్టంగా పలికేవి. బాస్ మీటుకీ హై-హ్యాట్ చప్పుడుకీ అతుకు వేసినట్టు ‘ఛక్, ఛక్, ఛక్, ఛక్’ అని సాగేది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే దొరుకుతుంది. ఒకసారి చెవికి తగిలాక ఇక వదలదు.

గిటార్‌కి ముందువరసలో చోటు రావడానికి కరెంటు కావాల్సి వచ్చింది. 1939లో క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో సాక్సఫోన్ వాళ్ళకు దీటుగా సోలోలు వాయించాడు.

పాత న్యూ ఆర్లీన్స్ పద్ధతిలో అందరూ ఒకేసారి వాయిస్తారు. అయినా గందరగోళం ఎందుకు కాదు?

ఎవరి స్థాయి వాళ్ళకుంది కాబట్టి. కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాద్యం) లేదా ట్రంపెట్ మధ్యలో పాటని స్పష్టంగా చెబుతుంది. క్లారినెట్ దాని పైన గబగబా స్వరాలు అల్లుతుంది. ట్రాంబోన్ కింద జారుతూ ఒక కార్డ్ నుంచి ఇంకోదానికి వంతెన వేస్తుంది. ముగ్గురూ అప్పటికప్పుడు అల్లుకుంటున్నా ఒకరి దారిలోకి ఒకరు రారు. 1925 నుంచి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన హాట్ ఫైవ్ రికార్డులతో ఒక్కరి సోలోని ముందుకు తెచ్చాక ఈ పొత్తు క్రమంగా సడలింది.

బిగ్ బ్యాండ్‌లో, అంటే పెద్ద జాజ్ బృందంలో, పదిహేడు మంది ఎందుకు?

సాక్సఫోన్లు అయిదు (రెండు ఆల్టో, రెండు టెనర్, ఒక బారిటోన్), ట్రంపెట్లు నాలుగు, ట్రాంబోన్లు నాలుగు, రిథమ్ నలుగురు. ఒక్కో వర్గం ఒక్కో గొంతులా మాట్లాడుతుంది. సాక్సఫోన్లు ఒక మాట అంటే బ్రాస్ జవాబిస్తుంది. మొదటి ట్రంపెట్ ఎక్కడ స్వరం తెంపితే మిగతావాళ్ళంతా అక్కడే తెంపాలి. విచిత్రమేమిటంటే చాలా బ్యాండ్లలో సోలోలు వాయించేది మొదటి ట్రంపెట్ కాదు, పక్క కుర్చీ. రెండూ వేరే నైపుణ్యాలు.

బ్యాండ్ నడిపిన స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ మాత్రం వాద్యాలకి రాయలేదు, మనుషులకి రాశాడు. 1927లో చేరి 1974 దాకా ఉన్న హ్యారీ కార్నీ బారిటోన్ ఉంటేనే అతని సాక్సఫోన్ వరసకి ఆ బరువు. బబ్బర్ మైలీ ట్రంపెట్‌కీ, ట్రికీ శామ్ నాంటన్ ట్రాంబోన్‌కీ సింకు మూసుకుపోతే వాడే రబ్బరు కప్పు అడ్డంపెట్టి గుర్రుమనిపించేవారు. అవే కాగితాలు ఇంకో బ్యాండ్ ముందు పెడితే స్వరాలన్నీ వస్తాయి గానీ ఆ నాదం రాదు.

సాక్సఫోన్ ఆర్కెస్ట్రాలో ఎందుకు లేదు? వయొలిన్ జాజ్‌లో ఎందుకు తక్కువ?

అడాల్ఫ్ సాక్స్ పారిస్‌లో పేటెంట్ తీసుకున్నది 1846లో. అప్పటికే ఆర్కెస్ట్రాలో కుర్చీలన్నీ నిండిపోయాయి. సైనిక బ్యాండ్లు దాన్ని అందిపుచ్చుకున్నాయి. ఆర్కెస్ట్రాకి అప్పుడప్పుడూ అతిథిగా వస్తుంది, ‘బొలేరో’లో వచ్చినట్టు.

వయొలిన్ ఇబ్బంది చప్పుడుది. ట్రంపెట్, డ్రమ్స్ పక్కన మైకు లేకుండా ఒక్క వయొలిన్ నిలవదు. 1934లో పారిస్‌లో వయొలిన్ వాయించే స్టెఫాన్ గ్రాపెల్లీ, గిటార్ వాయించే జాంగో రైన్‌హార్ట్ వేరే దారి పట్టారు. వయొలిన్, మూడు గిటార్లు, బాస్. డ్రమ్స్ లేవు, గాలివాద్యాలూ లేవు. ఆ బృందంలో వయొలిన్‌దే పెద్ద గొంతు.

వాద్యాల్ని విడివిడిగా గుర్తుపట్టడం ఎలా అలవాటు చేసుకోవాలి?

ఆర్కెస్ట్రాకి ప్రొకోఫియెవ్ 1936లో పిల్లల కోసం రాసిన ‘పీటర్ అండ్ ద వుల్ఫ్’ పెద్దలకీ పనికొస్తుంది. పిట్ట ఫ్లూట్, బాతు ఓబో, పిల్లి క్లారినెట్, తాతయ్య బసూన్, తోడేలు మూడు హార్న్‌లు. తరవాత ‘బొలేరో’ పెట్టుకోండి. పాట మొదట ఫ్లూట్ దగ్గర ఉంటుంది, ఆపైన క్లారినెట్, దాని తరవాత బసూన్. ఎవరికి అప్పజెప్పారో కాగితం మీద రాసుకుంటూ వినండి. మధ్యలో ఒకచోట హార్న్, సెలెస్టా (చిరుగంటల్లా మోగే మెట్ల వాద్యం), రెండు పికోలోలు కలిసి ఒకే వింత వాద్యంలా మోగుతాయి. అక్కడ తడబడితే ఫరవాలేదు, అందరూ తడబడతారు.

జాజ్‌కి చిన్న బృందంతో మొదలుపెట్టడం నయం. బిల్ ఎవాన్స్ త్రయం 1961 జూన్ 25న న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్‌లో చేసిన రికార్డులు తీసుకోండి. పియానో ఎవాన్స్, బాస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషియన్. మొదటిసారి పియానోని వదిలేసి బాస్ ఒక్కదాన్నే పట్టుకుని వినండి. పైన చెప్పిన బార్‌కి నాలుగు అడుగుల నడక చాలాచోట్ల కనబడదు. లఫారో పియానోతో సమానంగా మాట్లాడుతుంటాడు, లయ ముగ్గురి మధ్యా చేతులు మారుతుంటుంది. రెండోసారి డ్రమ్స్ వినండి, మోషియన్ ఎక్కడెక్కడ కొట్టకుండా వదిలేశాడో చూడండి.